సాక్ష్యం చెప్పలేని నోరు



2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన కొన్ని వారాలకు, చెన్నైలో మన తెలుగువారి గృహ కూడికలో ఒక సహోదరిని సాక్ష్యం చెప్పమని నిలబెట్టారు. ఆమె కుమారుణ్ణి అలలు తీసుకుపోయాయి. ఎవరి సంగతో చదివినట్టు నాలుగు మాటలు చెప్పి, గోడకేసి చూస్తూ ఆగిపోయింది. కంట నీరు లేదు. విశ్వాసం సన్నగిల్లిందని కొందరు గుసగుసలాడారు. వారిలో నేనూ ఉన్నాను.

మన బాప్తిస్టులకు నోటి ఒప్పుకోలు ముఖ్యం. సంఘం ఎదుట విశ్వాసం ఒప్పుకొన్నవారికే బాప్తిస్మం ఇస్తాం. కనుక మౌనమంటే మనకు అనుమానం. అయితే నోరు పలకనంత మాత్రాన హృదయం నమ్మడం లేదని తీర్మానించవచ్చునా?

భరించలేని దెబ్బ తగిలినప్పుడు దాని జ్ఞాపకం మిగిలిన మనసులో కలవక వేరుగా నిలిచిపోతుందని ఫ్రాన్సు దేశపు పియేర్ జానే 1889లోనే రాశాడు. ఈనాటి వైద్యులు దీన్ని డిసోసియేషన్ అంటారు. 1996లో అమెరికాలో రౌచ్, ఆయన సహచరులు 8 మంది బాధితులకు వారి అనుభవాన్నే చదివి వినిపిస్తూ మెదడును పరీక్షించారు. అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా చురుకెక్కింది. మాటలు కూర్చే ఎడమవైపు భాగం పని తగ్గించింది. ఎనిమిది మందే గనుక దానిమీద మేడ కట్టరాదు. మరికొందరిలో మెదడు ముందు భాగం అమిగ్డలాను మరీ గట్టిగా అణచివేస్తుందని, అందుకే వారు మొద్దుబారినట్టు కనబడతారని తరువాతి పరిశోధకులు చెప్పారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం ఈ రకాన్ని ప్రత్యేకంగా గుర్తించింది. ఆ సహోదరికి జరిగింది ఇదేనని నేను చెప్పలేను. ఆమె కన్నీళ్లు లెక్కపెట్టే పని మాత్రం మాది కాదు.

మాట్లాడడం తప్పని కాదు. చికిత్సలో ఆ సంగతి చెప్పుకోవడం చాలామందికి మేలు చేస్తుంది. కాని తెలిసిన వైద్యులు తొందరపడరు. పాదాలు నేలకు ఆనించమంటారు, గదిలో కనబడే వస్తువుల పేర్లు చెప్పమంటారు. ఇది ఈ రోజు, అల ఇక్కడ లేదు అని శరీరానికి తెలియాలి గదా! విపత్తులో చిక్కినవారిని తమ కథ చెప్పమని ఒత్తిడి చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన పుస్తకంలో ఉంది.

మనకు ఇది కొత్త కాదు. మొదటి రాజులు 19వ అధ్యాయం చూడండి. చావు కోరుకొని చెట్టు క్రింద పడుకొన్న ఏలీయాను దూత ఏమీ విచారించలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి రెండోసారీ పెట్టాడు. ఇక్కడ నీకేమి పని అనే ప్రశ్న నలభై దినాల తరువాత, హోరేబులో వచ్చింది.

ఒక మాట మరువకూడదు. గాయం అలవల్ల గాక మనిషివల్ల కలిగినదైతే, ముఖ్యంగా ఇంటిలోని పిల్లలకైతే, ఈ ఓర్పు పేరుతో పెద్దలు నోరు మూసుకొని దోషిని కాపాడరాదు.

నిద్రలేమి, ఉలికిపాటు, మొద్దుబారడం నెల దాటినా తగ్గకపోతే ప్రార్థనతోబాటు వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. బెంగళూరువారికి నిమ్హాన్స్ ఉంది. పరాయి భాషలో దుఃఖం చెప్పుకోలేమనేవారు 14416కు ఫోను చేయవచ్చు. 2022లో ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవలో తెలుగులోనూ మాట్లాడతారు.