పన్ను జారిన బెల్టు

ఒక యంత్రములో ఏ భాగమును విరుగలేదు, ఏ భాగమును పగులలేదు. అయినను యంత్రము నడువదు. అట్టి సమయమున తప్పు ఎక్కడ నున్నదని చెప్పవలెను? ఇది వట్టి తర్కమని చదువరులు తలంపవచ్చును. కాని కార్లు బాగుచేయు షెడ్డులలో ఈ ప్రశ్న తరచుగా ఎదురగుచున్నది. దానికి చెప్పు జవాబును బట్టి ఒకని డబ్బును, ఒక్కొక్కప్పుడు వాని బ్రతుకుతెరువును నిలుచుటయో పోవుటయో జరుగును. ఇంజనులోని టైమింగు బెల్టు ఒకటి రెండు పళ్లు జారిపోవుటను గూర్చి మేము చెప్పబోవుచున్నాము.

సంగతి తెలియని వారి కొరకు కొంచెము వివరింతుము. ఇంజనులో పిస్టనులు పైకిని క్రిందికిని ఆడుచు క్రాంకు షాఫ్టును త్రిప్పును. గాలి లోనికి వచ్చుటకును పొగ బయటికి పోవుటకును ఉన్న వాల్వులను వేళకు తెరచునది క్యాము షాఫ్టు. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాము ఒక్క చుట్టు తిరుగవలెను. అందుచేత క్యాము చక్రమునకు పళ్లు రెట్టింపు ఉండును. ఈ రెంటిని కలిపి నడుపునది పళ్లు గల రబ్బరు బెల్టు. పాత అంబాసిడరు కారులో ఈ పనిని ఇనుప గొలుసు చేసెడిది. పళ్ల బెల్టును కార్ల ఇంజనులోనికి 1960ల తొలినాళ్లలో జర్మనీ దేశపు గ్లాస్ కంపెనీ తెచ్చెను. మన దేశములో 1983లో వచ్చిన మారుతి 800 ఇంజను కూడ బెల్టుతో నడిచినదే. గొలుసు కంటె బెల్టు తేలిక, చప్పుడు తక్కువ, దానికి నూనె అక్కరలేదు. నూనె అక్కరలేకపోవుటయే గాదు, నూనె దానికి శత్రువు. ఆ మాటకు మరల వత్తుము.

క్రాంకు చక్రమునకు 20 పళ్లున్నవనుకొందము. బెల్టు ఒక్క పన్ను జారిన యెడల క్రాంకు లెక్కలో 18 డిగ్రీల తేడా వచ్చును. వాల్వులు తెరచుకొనును, మూసికొనును, కాని వేళకు కాదు. బండి ఆలస్యముగా అంటుకొనును, నిలకడగా ఆడదు, పికప్పు ఉండదు, ఒక్కొక్కప్పుడు సైలెన్సరులో ఢామ్మని ప్రేలును. మరి రెండు మూడు పళ్లు జారెనా, అసలు అంటుకొనకపోవచ్చును.

ఇక్కడనే చాలమంది దారి తప్పుదురు. ప్లగ్గులు మార్చుదురు, కాయిలు మార్చుదురు, పెట్రోలు పంపును అనుమానింతురు. తీసివేసిన వస్తువులన్నియు మంచివే! తప్పు వస్తువులో లేదు, రెండు మంచి వస్తువుల నడుమ నుండవలసిన పొత్తులో నున్నది. మనుష్యుల మధ్య కూడ ఇట్టి తప్పులు గలవని మేము నమ్ముచున్నాము. అన్నయు మంచివాడే, తమ్ముడును మంచివాడే, అయినను ఇల్లు నడువదు. అప్పుడు మనము వారిలో దుర్మార్గుడెవడో తేల్చుటకు కూర్చుందుము. తేలదు, ఏలయనగా అక్కడ దుర్మార్గుడు లేడు.

నేర్పరియైన మేస్త్రీ ముందుగా కంప్రెషను గేజి పెట్టి నాలుగు సిలిండర్లను చూచును. ఒక్కటి మాత్రమే తగ్గిన యెడల తప్పు ఆ సిలిండరులోనే యుండవచ్చును. నాలుగును ఇంచుమించు సమానముగా తగ్గిన యెడల బెల్టును అనుమానింపవలెను. ఇంటిలో నలుగురు పిల్లలును ఒకేసారి చిక్కిపోయినప్పుడు ఒక్కొక్కని కడుపు నొక్కి చూచుటకు ముందు వంటింటిలోనికి తొంగి చూడవలెను గదా. నేటి కార్లలో కంప్యూటరు కూడ క్రాంకును క్యామును ఏకీభవించుట లేదని ఒక సంకేతము నిచ్చును. అది ఏకీభవించుట లేదని మాత్రమే చెప్పును. ఎందుచేతనో చెప్పదు.

అనుమానము కలిగిన తరువాత చేయకూడని పని ఒకటున్నది. అది “ఇంకొక్కసారి సెల్ఫు కొట్టి చూతము” అనుట. కొన్ని ఇంజనులలో పిస్టను వచ్చు చోటికే వాల్వు కూడ దిగును. ఇద్దరును వేర్వేరు వేళల వత్తురు గనుక తగులుకొనరు. వేళ తప్పినప్పుడు పిస్టను వాల్వును గుద్దును, వాల్వు వంగును. మరి కొన్నిటిలో వాటి నడుమ చాలినంత ఎడముండును, ఏమియు కాదు. తన యెదుట నున్న ఇంజను ఏ జాతిదో రూఢిగా తెలియని వాడు సెల్ఫు ముట్టకూడదు. క్రాంకు బోల్టుకు పానా పెట్టి, ఇంజను మామూలుగా తిరుగు దిశలోనే, చేతితో మెల్లగా త్రిప్పవలెను. కంప్రెషను బరువు మెత్తగా తగులును; ఇనుముకు ఇనుము అడ్డుపడుట గట్టిగా తగులును. చేయి ఆ భేదమును ఎరుగును. సెల్ఫు మోటారు ఎరుగదు.

తరువాత గుర్తులు చూడవలెను. క్రాంకు మీద నొక గుర్తును క్యాము మీద నొక గుర్తును ఉండును. మొదటి పిస్టను పైకొసకు వచ్చినప్పుడు ఆ రెండును తమ తమ చోట్ల నిలువవలెను. అయితే బయటి పుల్లీ మీది గుర్తు ఒక్కొక్కసారి అబద్ధమాడును. చాల పుల్లీలలో బయటి వలయమునకును లోపలి భాగమునకును నడుమ రబ్బరుండును. ఆ రబ్బరు చెడిన యెడల వలయము జరుగును, దానితో గుర్తును జరుగును. అప్పుడు సరిగా నున్న బెల్టును కూడ తప్పుగా నున్నదని తలంతుము. జాగ్రత్త గలవాడు ప్లగ్గు తీసి, ఆ రంధ్రములో సన్నని పుల్ల నుంచి, పిస్టను నిజముగా పైకి వచ్చినదో లేదో చూచుకొనును. కొలుచుటకు మనము పట్టుకొనిన గుర్తే జరిగిపోయినదేమో యని సందేహించుట సులభము గాదు. మేము ఎరిగిన మేస్త్రీలలో ఆ సందేహము కలుగువారు కొద్దిమందియే.

క్రొత్త బెల్టు వేయుటలో నొక మంచి ఉపాయమున్నది. పాత బెల్టు తీసిన తరువాత క్రాంకును గుర్తు నుండి పావు చుట్టు వెనుకకు త్రిప్పుదురు. నాలుగు సిలిండర్ల మామూలు ఇంజనులో అప్పుడు పిస్టనులన్నియు నడుమ నిలుచును గనుక క్యామును త్రిప్పినను వాల్వు పిస్టనుకు తగులదు. క్యామును దాని గుర్తుకు తెచ్చి, పిమ్మట క్రాంకును తెచ్చి, బెల్టు తొడిగి బిగింతురు. చేతితో రెండు నిండు చుట్లు త్రిప్పి మరల గుర్తులు చూతురు. బండి అంటుకొనును. చెవికి ఇంపుగా ఆడును.

అయితే బాగుపడినట్లేనా? మా ప్రశ్న ఇదియే.

మేమెరిగిన ఒక షెడ్డులో ఇట్టి బండి యొకటి ఉండెను. ఒక కుర్ర డ్రైవరు అప్పు చేసి కొనిన టాక్సీ అది. నెలనెలా వాయిదా కట్టవలెను. ఇంజను ఆడుట విని వాని ముఖము వికసించెను.

“మేస్త్రీ గారూ, బండి పలికింది గదండీ, ఇచ్చేయండి. రేపు తెల్లవారుజామున పెళ్లి కిరాయి ఉంది.”

“పలికింది లేవయ్యా. ఎందుకు జారిందో అది ఇంకా పలకలేదు,” అని మేస్త్రీ ఇంజను ఆపెను.

బెల్టు ఊరకే జారదు. టెన్షనరు నీరసించి యుండవచ్చును. బెల్టు ముదిరి యుండవచ్చును. షాఫ్టు దగ్గరి ఆయిల్ సీలు కారి బెల్టును తడిపి మెత్తపరచి యుండవచ్చును. కొన్ని బండ్లలో నీళ్ల పంపు కారి యుండవచ్చును. బండిని గేరులోనే యుంచి వెనుకకు నెట్టిన యెడల ఇంజను ఎదురు దిశకు తిరిగి, వదులు రాకూడని వైపునకు చేరి, పన్ను దాటుటయు గలదు. కారణము అక్కడనే యుండగా గుర్తులను మాత్రము కలుపుట గాయమును పైపైన మాన్పుటయే. ఆ పని చేసి సమాధానమని చెప్పిన వారినే యిర్మీయా ప్రవక్త గద్దించెను.

కారణము నడుగు విధమును ముఖ్యము. “ఏం చేశావురా బండిని?” అని గద్దించిన యెడల ఏ డ్రైవరైనను “నేనేమీ చేయలేదండీ” అనియే చెప్పును. ఆ మేస్త్రీ అట్లు అడుగలేదు. “మొన్న ఎక్కడ ఆపావు బాబూ? పల్లంలోనా? ఎవరైనా నెట్టారా?” అని, గుడ్డతో చేతులు తుడుచుకొనుచు, తనకేమియు పట్టనట్లు అడిగెను. కుర్రవాడు జ్ఞాపకము చేసికొని చెప్పెను; ఎవరును నెట్టలేదు. అప్పుడు క్యాము చక్రము వెనుక దీపము పెట్టి చూడగా సీలు తడిగా నుండెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును, అది తేలికైనది గాదు. బీదవానికి రేపటి కిరాయి ముఖ్యము. సీలు మార్చవలెనన్న బెల్టు మరల విప్పవలెను. ఒక దినము పోవును, కిరాయి పోవును. బండి వానిది, డబ్బు వానిది, నష్టమైనను వానిదే. తెలిసియే వాడు తీసికొనిపోయెదనన్న యెడల అడ్డుపడుటకు మేస్త్రీ ఎవరు? ఇందులో సగము మేము ఒప్పుకొనుచున్నాము. ఖర్చును గూర్చిన నిర్ణయము సొంతదారునిదే. కాని తెలిసిన సంగతిని దాచు హక్కు మేస్త్రీకి లేదు. మరియు ఆ బండిలో ఎక్కువారు పెళ్లివారు. రాత్రివేళ లారీల నడుమ ఇంజను ఆగిపోవుటకు వారెవరును సమ్మతింపలేదు. సొంతదారుని సమ్మతి వాని జేబు వరకే చెల్లును.

దీనికి ఎదురు వైపున ఇంకొక శోధన గలదు. “వాల్వులు వంగినవి, హెడ్డు దించవలెను” అని చెప్పిన యెడల ఆ కుర్రవాడు కాదనలేడు. వానికి చూచుకొను ఉపాయము లేదు. తక్కువ చెప్పి మెప్పు పొందువాడును, ఎక్కువ చెప్పి డబ్బు పొందువాడును మా దృష్టికి ఒక్కటే. ఈ మేస్త్రీ బెల్టు వేయగానే గేజి పెట్టి కొలిచి, నాలుగును సరిగా నున్నందున హెడ్డు ముట్టలేదు.

కుర్రవాడు స్టాండులోని స్నేహితునికి కిరాయి ఒప్పగించెను. వానికి ఆ దినపు డబ్బు రాలేదు. మొగము మాడ్చుకొని షెడ్డు అరుగు మీద కూర్చుండెను. మరునాటి సాయంకాలమునకు సీలును, టెన్షనరును మార్చుట ముగిసెను. నూనె తగిలినదని మొదట వేసిన క్రొత్త బెల్టును కూడ మేస్త్రీ ప్రక్కన పెట్టి, దాని వెల తానే భరించెను. అది చేయనక్కర లేదని మేమంటిమి. ఆయన విననట్లు ఊరకుండెను. బిల్లు మీద “కంప్రెషను చూచితిని, హెడ్డు విప్పలేదు” అని వ్రాసెను. తరువాత బానెట్టు లోపలి వైపున చిన్న కాగితము అంటించి, తేదీయు, అప్పటికి తిరిగిన కిలోమీటర్లును, సీలు మార్చిన సంగతియు, ఇంకెవరైనను చదువుకొనుటకు వీలుగా, పెద్ద అక్షరములతో వ్రాసెను.