"ఏదైనా కావాలంటే చెప్పండి"

ఈ వారం వీడియోలో చెప్పలేకపోయిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను. కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది, అంతే.

సికింద్రాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో ఒక మామ్మగారు ఉంటారు. క్రిస్టియన్స్. ఎనభై దాటాయి, వీల్‌చెయిర్‌లోనే తిరుగుతారు. ఆదివారం పొద్దున్నే వాళ్ల చర్చి నుంచి ఇద్దరు కుర్రాళ్లు కారులో వస్తారు. ఆవిడని కూర్చోబెట్టి, వీల్‌చెయిర్ మడిచి డిక్కీలో పెట్టుకుని తీసుకెళ్తారు. ఒంట్లో బాగోకపోతే పాస్టర్‌గారే రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని ఇంటికొస్తారు.

ఒకరోజు లిఫ్ట్ దగ్గర అలవాటుగా అన్నాను, "ఏదైనా కావాలంటే చెప్పండి మామ్మగారూ" అని. ఆవిడ నవ్వారు. "అందరూ అదే అంటారు నాన్నా. నోరు తెరిచి అడగాలంటే మొహమాటం. మా చర్చి పిల్లలైతే ‘శనివారం నాలుగింటికి వస్తాం, మందుల చీటీ తీసి ఉంచండి’ అంటారు."

నిజమే కదా. సాయం చేస్తానని చెప్పొచ్చాననుకున్నాను. అడిగే బరువంతా ఆవిడ మీదే పెట్టి వచ్చేశాను. బైబిల్లో అపొస్తలుల కార్యాలు 6వ అధ్యాయంలో ఇలాంటి గొడవే ఉంది. రోజూ భోజనం పంచేటప్పుడు కొందరు విధవరాళ్లని పట్టించుకోవట్లేదని ఫిర్యాదు వచ్చింది. అప్పుడు "అందరూ కాస్త చూసుకోండి" అని వదిలేయలేదు. ఆ పనికి ఏడుగురిని పేరు పేరునా ఎంచుకున్నారు.

గీత 17వ అధ్యాయం 20వ శ్లోకం గురించి నేను చాలాసార్లు మాట్లాడాను. తిరిగి ఏమీ చేయలేనివాళ్లకి, తగిన చోట, తగిన వేళ ఇచ్చేదే సాత్త్విక దానం అని. ఇప్పుడనిపిస్తోంది, సగమే చెప్పానని. తిరిగి ఆశించకూడదు, సరే. వాళ్లు ఇస్తానంటే వద్దనమని ఎక్కడుంది? మామ్మగారికి చర్చివాళ్లు ఒక పని అప్పగించారు. పుట్టినరోజున్నవాళ్లకి ఫోన్ చేసి ప్రార్థన చెయ్యాలి. ఆ డైరీ ఎంత గర్వంగా చూపించారో!

ఇక మా ఇంటి సంగతి. తుంటి ఎముక విరిగాక నాయనమ్మ రెండేళ్లుగా గుడికి వెళ్లలేదు. తిరుమలలో 65 దాటినవాళ్లకి, దివ్యాంగులకి వేరే దర్శనం ఉంది. మా వీధి గుడికి పన్నెండు మెట్లు, ర్యాంపు లేదు. నేను టీవీలో లైవ్ దర్శనం పెట్టి చేతులు దులుపుకున్నాను. ఆ సాయంత్రం మొదటిసారి అడిగాను, నీకు సరిపోతోందా అని.

"టీవీలో స్వామి నాకు కనిపిస్తాడ్రా. నేను స్వామికి కనపడొద్దూ?" అంది.

భక్తి ఛానెల్ నడిపేవాణ్ణి నేను!

పోయిన శనివారం పొద్దున ఆరింటికి, రద్దీ మొదలవకముందే, నేనూ తమ్ముడూ కుర్చీతో సహా మెట్లెక్కించాం. ఎటు పట్టుకోవాలో ఆవిడే చెప్పింది. దర్శనం అయ్యాక పూజారిగారిని అడిగిందేంటో తెలుసా? మాల కట్టడానికి పూలు మా ఇంటికి పంపుతారా అని.

ఇప్పుడు శుక్రవారం రాత్రి మా హాలంతా చామంతులే. నేను తెచ్చిన దారం పనికిరాదట, అరటినార కావాలట.