వాడకట్టులో ఇల్లు తీసుకోండి

బిడ్డా, అల్లుడా,

పట్నంలో కొలువులు వదిలేసి దుబ్బాక దిక్కు పల్లెలో పేద పిల్లలకు చదువు చెప్పడానికి పోతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఆ రాత్రి మోకాళ్ళూని మీ ఇద్దరి పేర్లూ దేవుని ముందు పెట్టాను. ముప్పై ఏళ్ళు ఆ పల్లెల్లో పంతులమ్మగా బతికినదాన్ని. మీరు సామాను కట్టక ముందే కొన్ని మాటలు చెప్పాలి.

ఇల్లు సిద్దిపేటలో తీసుకుని రోజూ కారులో పోయివస్తామని అల్లుడు అన్నాడట. వద్దు నాయనా. పిల్లలు ఏ వాడకట్టులో ఉంటే అక్కడే తీసుకోండి. వాళ్ళకు నల్లా రాని నాడు మీకూ రావద్దు. 2023 నుంచి సిద్దిపేటకు రైలు నడుస్తోంది, శనివారం మాపటికల్లా పట్నంలో ఉండొచ్చు. మొదటి ఏడాది ఆ రైలెక్కకండి. ఆదివారం ఆరాధన ఆ ఊరి చిన్న గుడిలోనే, అందరితోపాటు చాప మీద కూర్చుని చేసుకోండి.

మీ పెళ్ళిలో అయ్యగారు మెదక్ గుడి గురించి చెప్పారు, గుర్తుందా? కరువు రోజుల్లో జనానికి పనీ బువ్వా దొరకాలని పాస్నెట్ దొర కట్టించిన గుడి. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ గుడంటే నాకు ప్రాణం. కానీ మీ పనికి దారి చూపమంటే నేను దోర్నకల్ వైపే చూపిస్తాను. అక్కడ సేవ చేసిన అజరయ్య గారు తమిళులు. 1909లో, ముప్పై అయిదేళ్ళ వయసులో అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్, దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఒకరు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. అయినా ఎడ్లబండి మీద ఊళ్ళు తిరగడం మానలేదు. 1945 జనవరి 1న కన్నుమూసింది కూడా దోర్నకల్‌లోనే.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగింది. అక్కడ ఆయన లేచి, మీరు మా పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. ఆ మాట అన్నది తెల్లవాళ్ళతో. ఇవాళ ఆ పల్లెలో కారు దిగే మనమే ఆ తెల్లవాళ్ళం బిడ్డా. చర్మం రంగు ఒకటైనంత మాత్రాన దూరం తగ్గదు.

ఆ దూరం ఎంతో నాకు ఒక పిల్ల చూపించింది. ఏడో తరగతి. రోజూ ఆలస్యంగా వచ్చేది, వచ్చి బల్ల మీద తలపెట్టి నిద్రపోయేది, చేతులు తంబాకు వాసన. ఒకరోజు అందరి ముందు నిలబెట్టి, నీకెందుకే చదువు అన్నాను. మర్నాడు రాలేదు. వారం చూసి ఇల్లు వెతుక్కుంటూ పోయాను. తల్లీ ఇద్దరు బిడ్డలూ చాటలు ముందేసుకుని కూర్చున్నారు. రాత్రి నానబెట్టిన తునికాకు కోడికూతకే లేచి కత్తిరించేది ఆ పిల్లే. ఆమె కత్తిరించిస్తేనే పొద్దుమూకేలోపు తల్లి వెయ్యి బీడీలు చుట్టి కార్ఖానాలో అప్పజెప్పగలిగేది. నన్ను చూసి తల్లి గబగబా చాటలు జరిపి చాప పరిచింది. పిల్ల తలెత్తలేదు, బడికి మళ్ళీ రానూ లేదు. ఆ వాడకట్టుకు ఆ ఏడాది నేను పోవడం అదే మొదటిసారి. అంతకుముందు ఒక్కరోజు పోయి ఆ చాట ముందు కూర్చున్నా, ఆ మాట నా నోట వచ్చేది కాదు.

పేదవాళ్ళకు చదువు విలువ తెలియదని మన గుళ్ళల్లో కూడా అంటుంటారు. నమ్మకండి. ఎంవీ ఫౌండేషన్‌తో రంగారెడ్డి పల్లెల్లో పనిచేసిన శాంతా సిన్హా గారు, తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనే కోరుకుంటారని చూపించారు. అడ్డం వచ్చేవి వేరు. దసరా దాటితే పత్తి ఏరడం ఉంటుంది, కైకిలికి ఒక చెయ్యి ఎక్కువైతే ఇంట్లో పైసలు ఎక్కువ. నాన్న దుబాయిలో ఉంటే చెల్లెళ్ళను చూసుకోవాల్సింది పెద్దపిల్లే. మీరు నడపబోయే సాయంత్రం బడికి వేళలు పెట్టేముందు ఇల్లిల్లూ తిరిగి ఏ నెలలో ఏ పని ఉందో రాసుకోండి. సర్కారు బడికి పోటీగా ఇంగ్లిష్ మీడియం బోర్డు మాత్రం కట్టకండి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత చదువు 2010 నుంచి హక్కు. ఆ హక్కు మీ ఊరి బడిలో నిజమయ్యేలా పంతుళ్ళకు తోడుగా నిలబడండి.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. చదువును గాలం చెయ్యకండి. సర్కారు గుర్తింపో సాయమో ఉన్న బడిలో తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా పిల్లల్ని మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. మీ సాయంత్రం బడికి ఆ నిబంధన వర్తించకపోయినా మీరు పాటించండి. గుడికి వచ్చే ఇంటి పిల్లకూ, కొమురవెల్లి మల్లన్నకు మొక్కే ఇంటి పిల్లకూ ఒకటే పలక, ఒకటే ఓర్పు. మీ సాక్ష్యం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పండి, అడగకపోతే బతికి చూపించండి.

మనవాళ్ళలో కాగితం మీద ఒక మతం, ఇంట్లో ఒక ప్రార్థన ఉన్న కుటుంబాలు కనిపిస్తాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులని రాయించుకున్న దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర బీసీ-సి కింద పడతారు. పిల్ల హాస్టల్ సీటు కోసం తల్లి ఏం రాయించిందో మీరు విచారించకండి. పిల్లల ఫోటోలు పంపి చందాలు అడగడం కూడా వద్దు, ఆ తల్లుల ముఖం చూడలేరు.

బిడ్డా, ఇది నీకు వేరేగా. పిలుపు ఇద్దరికీ వచ్చింది. ఆయన చదువు చెప్తుంటే వచ్చేపోయేవాళ్ళకు చాయ్ పెట్టడమే నీ సేవ అనుకోకు. ఆడవాళ్ళు మనసు విప్పేది నీ దగ్గరే. అల్లుడా, పొయ్యి దగ్గర నీ వంతు నువ్వు చెయ్యి, వాడకట్టు మగపిల్లలు చూస్తుండగా చెయ్యి.

ఇల్లు దొరకగానే కబురు పంపండి. సంక్రాంతికి నేనే వస్తాను. వాడకట్టులో ఎన్ని ఇళ్ళున్నాయో ముందే చెప్పండి, అన్నింటికీ సరిపడా సకినాలు చుట్టాలి.

మీ పెద్దమ్మ