ముందుగా అప్పము, పిమ్మట ప్రశ్న



తుపాకి విడిచి ఊరికి తిరిగి వచ్చినవానిని మనము మొదట ఏమి అడుగవలెను? ఈ ప్రశ్న మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగెను. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆ తరువాతి సంవత్సరములలో ఒకరి కుమారుడు అడవికి వెళ్లెను, మరియొకరి కుమారుడు పోలీసు కొలువునకు వెళ్లెను. కొందరు శవములై వచ్చిరి. ప్రాణములతో వచ్చినవారి బాధను మనము తక్కువగా తలంచుదుము.

అట్టివాడు నడిరాత్రి కుక్క మొరిగినను లేచి కూర్చుండును. తలుపు వైపు వీపు పెట్టి అన్నము తినడు. పిల్లలు టపాకాయ కాల్చిన వణకును, పిమ్మట కోపించును. కోరుట్లలో బీడీలు చుట్టి ఇల్లు నడుపు భార్యయైనను, సిరిసిల్లలో సాంచెలమీద పనిచేయు తమ్ముడైనను అతని ముఖము చూచియే మాటలాడ నేర్చుకొందురు. పిల్లలు కారణము తెలియకయే భయపడ నేర్చుకొందురు. దీనిని జనులు దయ్యమనిరి, పిరికితనమనిరి. యుద్ధము జరిగిన ఇతర దేశములలోను ఇట్లే అనిరి. వియత్నాం యుద్ధమునుండి వచ్చిన సైనికుల బాధను చూచిన పిమ్మట, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము దీనికి పేరు పెట్టి తమ వ్యాధుల గ్రంథములో చేర్చెను. కాబట్టి ఇది గాయమే.

అయితే, "అతని చేతులకు రక్తమంటినది గదా! చచ్చినవాని తల్లి నేటికిని ఏడ్చుచుండగా ఇతనిమీద జాలియేల?" అని కొందరందురు. ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. ఆ తల్లిని మరచిన జాలి జాలి కాదు. లెక్క అప్పగించవలసినవాడు అప్పగించవలెను.

అయినను మొదటి రాజుల గ్రంథము 18, 19 అధ్యాయములు చదువుడి. కీషోను వాగు యొద్ద బయలు ప్రవక్తలను వధించిన ఏలీయా, యెజెబెలు బెదరింపు విని పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను. దేవుడు అతనిని గద్దింపక నిద్రపోనిచ్చెను. దూత రెండుసార్లు అతనిని లేపి తినుమనెను. అతనిని సంగతి అడిగినది హోరేబుకొండ చేరిన పిమ్మటనే. ప్రశ్న తప్పిపోలేదు గాని అప్పము ముందుగా వచ్చెను.

కాబట్టి అతనిని కాల్పుల కథలు చెప్పుమని అడుగకుడి. అతని భార్యను ఒంటరిగా విడువకుడి. ప్రార్థించుడి, కాని మందులు మానుమని చెప్పకుడి; మనోవైద్యుని యొద్దకు తోడుగా వెళ్లుడి. పోలీసువాని ఇంటికిని, అడవినుండి వచ్చినవాని ఇంటికిని, చంపబడినవాని తల్లి యొద్దకును వెళ్లుడి. మొదట ఏ ఇంటికి అందురా? ఇంతవరకు ఎవరును వెళ్లని ఇంటికి.