నోరు కట్టుకోకుండా నాలుగు డాలర్లు

అమెరికాలో చాలా కంపెనీలు రెండు వారాలకోసారి జీతమిస్తాయి. అంటే ఏడాదికి 26 చెక్కులు. ఇంటి అద్దె, మార్ట్‌గేజ్, కారు వాయిదా, కరెంటు బిల్లు మాత్రం నెలకోసారే. నెలకు రెండు చెక్కులతో ఇల్లు నడపడం అలవాటైన కుటుంబానికి ఏడాదిలో రెండు నెలలు మూడో చెక్కు కూడా వస్తుంది. ఆ నెలలేవో జనవరిలోనే క్యాలెండర్ చూసి గుర్తు పెట్టుకోవాలి. ఆ రెండు చెక్కులూ పడిన రోజునే వేరే సేవింగ్స్ ఖాతాకు వెళ్ళిపోయేలా ఏర్పాటు చేసుకోవాలి. అంతే, ఏడాది జీతంలో పదమూడో వంతు పక్కన పడుతుంది. ఇందుకోసం ఇంట్లో ఎవరూ కాఫీ మానక్కర్లేదు, పిల్లల డాన్స్ క్లాసు ఆపక్కర్లేదు. నెలకు సరిగ్గా రెండుసార్లు జీతమొచ్చేవాళ్ళకు ఈ వీలు లేదు. వాళ్ళు జీతం పెరిగిన నెలలో పెరిగిన దాంట్లో సగాన్ని అదే పద్ధతిలో పక్కకు మళ్ళించుకోవచ్చు. ఎలాగూ ముందునెల దాకా ఆ డబ్బు లేకుండానే గడిచింది కదా.

మన ఇళ్ళలో పొదుపు మాటెత్తితే ముందు కోత గుర్తొస్తుంది. ఇండియాలో తీసుకున్న చదువు అప్పు నెత్తిమీద పెట్టుకుని వచ్చి, నలుగురైదుగురు ఒకే అపార్ట్‌మెంట్‌లో సర్దుకున్న రోజులు మనలో చాలామందికి ఉన్నాయి. ఆ రోజుల్లో కడుపు కట్టుకోవడం తప్పలేదు. ఉద్యోగం కుదిరాక అదంతా మళ్ళీ ఎందుకనిపించి చేతులు బార్లా తెరిచేస్తాం. ఈ రెండిటి మధ్య ఇంకో దారి ఉందనీ, అది మన నేల మీద మన ఆడవాళ్ళు ఎప్పుడో నడిచి చూపించినదేననీ చెప్పాలని ఈ వ్యాసం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఆ వెంటనే అదే జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు పుట్టాయి. 'పొదుపు లక్ష్మి' పేరుతో అది ప్రభుత్వ కార్యక్రమం కూడా అయింది. ఆ రూపాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. పిల్లల అన్నంలోంచి తీసింది కాదు, పండక్కి కొనే చీరలోంచి తీసింది కాదు. ఇంటికి ఏ మేలూ చేయకుండా బయటికి పోతున్న డబ్బును ఆపితే మిగిలిన రూపాయి అది. అందుకే దాన్ని దాచుకోవడం వాళ్ళకు లోటుగా అనిపించలేదు. చేతికి బలం వచ్చినట్టనిపించింది.

పరదేశంలో మన ఇంటికి ఏ మేలూ చేయకుండా పోయే డబ్బు నా లెక్కలో రెండు దారుల్లో పోతుంది. ఒకటి తీరిక లేక పెట్టే ఖర్చు. రెండోది నలుగురూ ఏమనుకుంటారోనని పెట్టే ఖర్చు. ఇష్టంగా పెట్టే ఖర్చు జోలికి వెళ్ళకుండా ఈ రెండిటినీ పట్టుకుంటే చాలు.

తీరిక లేని ఖర్చు చాలావరకు వంటింటి చుట్టూనే ఉంటుంది. శనివారం స్నేహితులతో కలిసి న్యూజెర్సీ ఎడిసన్‌లోని ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్ళి దోసె తినడం సరదా. దాన్ని మానమని నేను ఎవరికీ చెప్పను. బుధవారం సాయంత్రం ఏడింటికి ఇద్దరూ అలసిపోయి ఫోన్లో తెప్పించుకునే బిర్యానీ వేరు. అది రుచి కోసం తెప్పించింది కాదు, చల్లారి వస్తుంది, సగం మిగిలిపోతుంది. మా న్యూజెర్సీలో వండుకునే సరుకుల మీద అమ్మకం పన్ను లేదు. వండిన తిండి మీద 6.625 శాతం ఉంది. ఆ పైన డెలివరీ రుసుము, టిప్పు. ఇక్కడ మార్చుకోవాల్సింది నాలుకను కాదు, బుధవారాన్ని.

ఆదివారం ఒక గ్లాసు మినపగుళ్ళు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ నానబోస్తే వారంలో మూడు పూటలు గడుస్తాయి. చలికాలంలో పిండి పులవదని చాలామంది దుకాణంలో డబ్బా పిండి కొంటారు. రుబ్బిన పిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి, ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటే వేసి వదిలేయండి. బయట మంచు కురుస్తున్నా ఆ బల్బు వేడికి తెల్లారేసరికి పిండి మూత దాకా పొంగుతుంది. సగం దాకానే నింపిన పెద్ద గిన్నె వాడాలి, లేకపోతే పొంగినదంతా ఓవెన్ అడుగున చేరుతుంది. ఓవెన్ తలుపు మీద 'లోపల పిండి ఉంది' అని కాగితం అంటించడం కూడా ముఖ్యమే. ఇంట్లో ఇంకెవరైనా పిజ్జాకోసం ఓవెన్ వేడి పెట్టారంటే గిన్నె, పిండి రెండూ పోతాయి. మొదటిరోజు ఇడ్లీ, తర్వాత ఉల్లిపాయ ముక్కలు చల్లి అట్లు, చివరికి పులిసిన పిండిలో కాస్త బియ్యప్పిండి, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పునుగులు. మూడోరోజు పునుగులకు పిల్లలు మొదటిరోజు ఇడ్లీకంటే తొందరగా బల్ల దగ్గరికొస్తారు.

కందిపప్పు ఒకేసారి నాలుగు పూటలకు ఉడికించి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. పోపు మాత్రం ఏ పూటకాపూటే వేసుకోవాలి. ఇంగువ వాసన అప్పటికప్పుడు లేస్తేనే అది మన పప్పు. ఆఫీసు మధ్యాహ్న భోజనం 14 డాలర్లనుకుంటే, వారానికి మూడురోజులు డబ్బా పట్టుకెళ్ళినవాళ్ళకు ఏడాదికి దాదాపు రెండువేల డాలర్లు మిగులుతాయి. మిగతా రెండు రోజులూ తోటివాళ్ళతో కలిసి బయట తినండి. ఆ స్నేహాలూ అవసరమే.

సరుకుల గురించి ఒక మాట. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. మర్నాటికి ఇక్కడి ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరారు. ఒక్కొక్కరు ఎనిమిదేసి, పదేసి సోనామసూరి బస్తాలు కార్లలోకెక్కించారు. కొన్ని దుకాణాలు కుటుంబానికి ఒకటే బస్తా అని కాగితాలంటించాయి. ధర కొన్నిచోట్ల రెండింతలు దాటింది. నిజానికి అమెరికాలోనే టెక్సస్, అర్కాన్సా, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో పండే బియ్యం అన్ని సూపర్ మార్కెట్లలోనూ ఉంది. థాయ్ బియ్యం కూడా ఉంది. సోనామసూరితో సమానం కాకపోయినా పప్పూ చారూ కలుపుకోవడానికి అడ్డేమీ లేదు. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. భయపడి కొన్నది ఎప్పుడూ రెండు రకాలుగా నష్టం: మనం ఎక్కువ పెడతాం, వెనక వచ్చినవాళ్ళకు లేకుండా చేస్తాం. ఇంట్లో ఒక బస్తా వాడుకలో, ఒక బస్తా నిలవలో ఉంటే ఏ వార్తకూ పరుగెత్తక్కర్లేదు.

పెరడు ఉన్నా, కాస్త ఎండపడే బాల్కనీ ఉన్నా ఒక బక్కెట్‌లో గోంగూర వేయండి. రంగుల దుకాణాల్లో దొరికే అయిదు గ్యాలన్ల ప్లాస్టిక్ బక్కెట్ తీసుకుని, అడుగున నాలుగు రంధ్రాలు చేస్తే అదే కుండీ. మా వైపు మదర్స్ డే వెళ్ళాక, మే నెల మధ్యలో, ఇక మంచు పడదని నమ్మకం కుదిరాక మొక్క బయట పెడతాం. తలలు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. జులై, ఆగస్టుల్లో వారానికోసారి పప్పుకో పచ్చడికో కోసుకోవచ్చు. ఒకటే చిక్కు: గోంగూర పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఇక్కడ పూత మొదలై కాయ ముదిరేలోపే అక్టోబరు మంచు వచ్చి మొక్కను కాల్చేస్తుంది. అందుకే ఉత్తరాది రాష్ట్రాల్లో మనకు విత్తనం చేతికి రావడం కష్టం. టెక్సస్‌లో, ఫ్లోరిడాలో ఉన్న చుట్టాలు ఒక పొట్లం పోస్టులో పంపితే ఇక్కడ పదిళ్ళకు సరిపోతుంది. బదులుగా మన చిక్కుడు, బీర గింజలు పంపవచ్చు. కరివేపాకు మొక్కను మాత్రం ఎవరూ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళకండి, ఇండియా నుంచి ఆకు తేకండి. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసే పురుగు దానిమీద ఉండవచ్చని ఇక్కడ ఆంక్షలున్నాయి. మీ ఊరి నర్సరీలో కొన్న మొక్కను చలికాలం కిటికీ పక్కన పెట్టుకుంటే ఏళ్ళ తరబడి ఆకు కొనే పని ఉండదు.

చలి అనగానే హీటరు. ఇంట్లో ఎవరూ లేని వేళ, పడుకున్న వేళ కలిపి రోజుకు ఎనిమిది గంటలు థర్మోస్టాట్‌ను 7 నుంచి 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గిస్తే హీటరు, ఏసీల ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఒకసారి సరిచేసి పెట్టుకుంటే దాని పని అదే చేసుకుంటుంది. కానీ ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తామామలో వచ్చి ఉన్న నెలల్లో ఈ లెక్క పక్కన పెట్టేయండి. విజయవాడ ఎండల్లో బతికిన మనిషి స్వెట్టరు మీద శాలువా కప్పుకుని సోఫాలో ముడుచుకుని కూర్చుంటే, "అబ్బే, నాకు చలేం లేదు నాన్నా" అంటే, ఆ మాట నమ్మకండి. ఆ నెల గ్యాస్ బిల్లు సంతోషంగా కట్టండి.

గ్రంథాలయాల విలువ మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో వెలిసింది. అలాంటి ఉద్యమం నడిపిన జాతి మనది. ఇక్కడి ఊరి లైబ్రరీకి మన ఇంటి పన్నులోంచే డబ్బు పోతుంది. పుస్తకాలే కాదు, ఫోన్లో వినే పుస్తకాలు, సినిమాలు, చాలాచోట్ల మ్యూజియం పాసులు కూడా ఉచితంగా ఇస్తారు. వేసవి సెలవుల్లో ఊరెళ్ళేముందు అక్కడ ఒకసారి అడగండి.

ఇక రెండోది, నలుగురి కళ్ళకోసం పెట్టే ఖర్చు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మొదటి పుట్టినరోజుకు బాంక్వెట్ హాలు, ఓణీల ఫంక్షన్‌కు పెళ్ళంత స్టేజీ, వచ్చిన ప్రతి కుటుంబానికీ రిటర్న్ గిఫ్ట్. "వదినా, మొన్న మీ అమ్మాయికి డెకరేషన్ ఎవరు చేశారు?" అన్న ప్రశ్నలో తప్పులేదు. దానికి వచ్చిన జవాబు కంటే ఒక మెట్టు పైన ఉండాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది. ఏటికేడు ఆ మెట్టు పెరుగుతూనే పోతుంది. కొత్తగా వచ్చి, ఒక్క జీతం మీద, వీసా ఏమవుతుందో తెలియక బిక్కుబిక్కుమంటూ ఉన్న దంపతులు కూడా క్రెడిట్ కార్డు మీద ఆ మెట్టెక్కాలని చూస్తారు. కార్డు వడ్డీలు చాలావరకు 20 శాతం పైమాటే. ఒక సాయంత్రం వేడుకను రెండేళ్ళు తీర్చుకుంటూ ఉంటారు.

ఇందులో పెద్దరికం మనదే. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా స్థిరపడి, ఎంత ఖర్చయినా పెట్టగలిగినవాళ్ళు ముందుగా తమ ఇంటి వేడుకను చిన్నగా చేస్తే, పెట్టలేనివాళ్ళకు తలెత్తుకునే వీలు దొరుకుతుంది. బేస్‌మెంట్‌లో చాప పరిచి, అమ్మమ్మ చేత అక్షింతలు వేయించి, తలో ఇంటి నుంచి ఒక ట్రే తెచ్చుకుని చేసిన ఓణీల ఫంక్షన్లు నేను చూశాను. ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ, ఒకరు చక్రపొంగలి. వంట చేసినవాళ్ళు చివరిదాకా ఉంటారు, ఆ పిల్లను తమ పిల్లలాగే దీవిస్తారు. కేటరింగ్ తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుని కారెక్కుతారు.

కోయకూడనివి కూడా చెప్పాలి. కంపెనీ 401 కె రిటైర్మెంట్ ఖాతాలో జమకు జమ కలుపుతానంటే, అది పూర్తిగా అందేదాకా మన వాటా వేయాల్సిందే. వదులుకుంటే జీతంలో కొంత వదులుకున్నట్టే. ఇన్సూరెన్స్ నెట్‌వర్కులోని డాక్టరు దగ్గర ఏటా చేయించుకునే ఆరోగ్య పరీక్షకు చాలా పాలసీల్లో మన జేబులోంచి ఏమీ కట్టక్కర్లేదు. అయినా మనవాళ్ళు దాన్నే వాయిదా వేస్తారు. ఇంటికి పంపే డబ్బు, అమ్మానాన్నలను చూడ్డానికి వెళ్ళే విమానం టికెట్టు, పిల్లలకు నేర్పించే కూచిపూడి, తెలుగు బడి: వీటిమీద చెయ్యి వెనక్కి తీయకండి. బుధవారం బిర్యానీలోనూ స్టేజీ పూలలోనూ మిగిల్చింది వీటికోసమే.

మన తెలుగు సంఘానికి నాదొక విన్నపం. ఊళ్ళలో గుడికో సత్రానికో ఉమ్మడి గుండిగలు, గంగాళాలు, జంపఖానాలు ఉండేవి. ఎవరింట్లో పెళ్ళయినా అవే వెళ్ళేవి, కడిగి తిరిగొచ్చేవి. మనమూ అలాంటి సామాను ఒకటి సమకూర్చుకోవాలి. పీటలు, కుందులు, పెద్ద కలశం, బట్టతో కుట్టిన బ్యాక్‌డ్రాప్ రెండు రంగుల్లో, యాభైమందికి సరిపడా స్టీలు పళ్ళాలు, గ్లాసులు, ట్రేలు వేడిగా ఉంచే స్టాండ్లు. ఈ ఏడాది పిక్నిక్ ఖర్చులో కొంత దీనికి కేటాయిస్తే సరిపోతుంది. ఎవరు ఏది తీసుకెళ్ళారో రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం, పెట్టుకోవడానికి ఒకరి గరాజ్‌లో ఒక మూల కావాలి. మా గరాజ్‌లో ఆ మూల ఖాళీ చేసి ఉంచుతాను. నోటుపుస్తకం బాధ్యత తీసుకునేవాళ్ళు ఉగాది రోజు భోజనాల దగ్గర నన్ను కలవండి.