అనుమతి ఎవరిది?

2025 ఏప్రిల్ మొదటివారంలో మా కాలేజీ విద్యార్థి ఒకడు నా దగ్గరికి వచ్చి, "సార్, కంచ గచ్చిబౌలి వెళ్తున్నాను, రెండు రోజులు క్లాసులకు రాను, అనుమతి ఇవ్వండి" అని అడిగాడు. "ఇవ్వటానికి నేనెవరిని? ప్రిన్సిపాల్ గారిని అడుగు" అన్నాను. అతను ఒక్క క్షణం నా మొహంకేసి చూసి వెళ్లిపోయాడు. ప్రిన్సిపాల్ గారిని అడగలేదు. అనుమతి లేకుండానే వెళ్లాడు.

సంఘటన చిన్నదే. కాని ఆ మాట అప్పటినుంచీ నన్ను వదలలేదు. అనుమతి అంటే ఏమిటి? దాన్ని ఎవరు ఎవరికి ఇస్తారు? అది వున్నంత మాత్రాన ఒక పని న్యాయమైపోతుందా? లేనంత మాత్రాన అన్యాయమవుతుందా?

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనక ముందు మాటల సంగతి చూస్తాను. ఇంగ్లీషువాడు పర్మిషన్ అన్నదానికి మనకు అరడజను మాటలున్నాయి. అవన్నీ ఒకటి కావు. "అనుమతి"లో వున్నది మతి, అంటే ఆలోచన. నీ ఆలోచన వెంట నా ఆలోచన కూడా రావటం అనుమతి. "సమ్మతి" కూడా దాని తోబుట్టువే. ఈ రెండు మాటల్లోనూ, పుట్టుకను బట్టి చూస్తే, ఇద్దరు మనుషులున్నారు. ఇద్దరికీ బుద్ధి వున్నది. "మంజూరు" అట్లాంటిది కాదు. అది అరబీనుంచి పారశీ, ఉర్దూ కచేరీల మీదుగా మనకు వచ్చింది. దాని మూలం నజర్, అంటే చూపు. మంజూరైనది అంటే ప్రభువు చూపులో పడినది. నజరానా అన్న మాట వేరే ధాతువునుంచి పుట్టిందంటారు; భాషాశాస్త్రం ప్రకారం అది నిజమే. కాని మంజూరుకోసం తిరిగిన రైతుకు ఆ రెంటికీ గల బంధుత్వం ఏ శాస్త్రజ్ఞుడూ చెప్పనక్కరలేదు! ఇక "సెలవు". దొరవారు నోరు విప్పటమే "సెలవివ్వటం". వారి ఆజ్ఞా సెలవే, మనం ఇంటికి పోవటానికి వారు దయతో ఒప్పుకోవటమూ సెలవే. పైవాడి నోటినుంచి వచ్చిన ప్రతిమాటా కిందివాడి కదలికకు హద్దు కావటమన్న సమాజ వ్యవస్థ అంతా ఆ మూడక్షరాలలో వున్నది.

ఇంగ్లీషులో శాంక్షన్ అన్న మాట ఇంకా చిత్రమైనది. అప్పు శాంక్షన్ అయిందంటే మంజూరయిందని. ఒక దేశంమీద శాంక్షన్లు పెట్టారంటే శిక్షించారని. పవిత్రం చేయటమన్న లాటిన్ క్రియనుంచి రెండర్థాలూ వచ్చాయి. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఇచ్చే చెయ్యీ కొట్టే చెయ్యీ ఒకటే అయినప్పుడు మాట మాత్రం రెండెందుకు?

ఇప్పుడు కంచ గచ్చిబౌలికి వద్దాం. కంచ అంటే తెలంగాణలో పశువులు మేసే బీడు. అక్కడి 400 ఎకరాలకు రెవెన్యూ రికార్డులలో వున్నదని ప్రభుత్వం చూపిన పేరు "కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ". ఆ భూమిని 2004లో ఒక క్రీడా సంస్థకు కేటాయించారు, 2006లో రద్దు చేశారు, 2024 దాకా కోర్టులలో వ్యాజ్యం నడిచింది. చివరకు భూమి ప్రభుత్వానిదేనని తేలి, ఐటి కారిడార్ విస్తరణకోసం పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చేతికి వచ్చింది. 2025 మార్చి ఆఖరున బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా విషయం చేపట్టి పని ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాలు చదునైంది. కోర్టు వేసిన ప్రశ్నలలో ఒకటి ఇది: చెట్లు కొట్టటానికి అటవీశాఖనుంచి గాని, స్థానిక చట్టాల కింద గాని అనుమతి తీసుకున్నారా? మినహాయింపున్న జాతులకు స్వయం ధ్రువీకరణ చాలునన్నది రాష్ట్రం తరఫు వాదనలో ఒక భాగం.

ఆ మాట గమనించండి. స్వయం ధ్రువీకరణ! అడిగేవాడూ తానే, ఇచ్చేవాడూ తానే. ఇక్కడ అనుమతిలోని "అను" ఎగిరిపోయి ఒట్టి మతి మిగిలింది. 2014 నాటి టిఎస్-ఐపాస్ చట్టం పేరులోనే స్వయం ధ్రువీకరణ వున్నది. పరిశ్రమ దరఖాస్తు పెట్టుకున్నాక గడువులోగా అధికారి జవాబు చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమంటారు, ఇక్కడ పూర్ణాంగీకారమే అయింది. మరి సభ పెట్టుకుంటామని పోలీసులకు అర్జీ పెట్టిన సంఘానికి ఆ మౌనం పనికివస్తుందా? నిజాం కాలంలో గస్తీ నిషాన్ 53 కింద సభలకు ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ గస్తీ పోయింది. అర్జీ మాత్రం పోలేదు.

మనలో కొందరు మిత్రులు దీన్నిబట్టి అనుమతులన్నీ బానిసత్వమేననీ, అన్నింటినీ తెంచిపారేయాలనీ అంటారు. ఇది పొరపాటు. అనుమతుల పీడ విరగడ కావాలని అందరికంటే గట్టిగా అరుస్తున్నది పెట్టుబడి. ఆ రోజు మిగిలిన చెట్లను నిలబెట్టింది కూడా అనుమతి అన్న మాటే గదా! బలవంతుడు అడగవలసి వచ్చినప్పుడు అనుమతి కళ్లెం. బలహీనుడు అడగవలసి వచ్చినప్పుడు అది గోడ. కనుక అనుమతి వుండాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరు ఎవర్ని అడగాలన్నదే ప్రశ్న.

మరొక ఉదాహరణ. 2025 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో, దుకాణాలు మినహా, రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. వారానికి 48 గంటలన్న పరిమితి వున్నది, ఆపైన ఓవర్‌టైము చెల్లించాలన్నారు. నిజమే. కాని వాక్యం చూడండి. పనిని అనుమతించారు. ఎవరికి? పది గంటలు పనిచేస్తానని ఉద్యోగి అర్జీ పెట్టుకున్నాడా? అనుమతి దక్కింది యజమానికి, గంటలు దక్కాయి ఉద్యోగికి. ఒకరి అనుమతి మరొకరికి ఆజ్ఞ అవుతున్నది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుంచీ మాదాపూర్ అద్దాల మేడలలో మెళ్లో కార్డులు వేసుకుని తిరిగే మన విద్యార్థులు తాము శ్రామికులం కామనుకుంటారు. తలుపు తెరిచే కార్డు తనదేనన్న భ్రమలో, దాన్ని చెల్లకుండా చేయగల చెయ్యి ఎవరిదో వారు ఆలోచించరు.

కాబట్టి నాకు తోచిన కొలత ఇది. ఒక పనివల్ల ఎవరి నేల, ఎవరి నీడ, ఎవరి రోజు తరిగిపోతుందో వారి మతి కూడా వెంట వచ్చినప్పుడే అది అనుమతి. తక్కినదంతా మంజూరు. మంజూరుకు చట్టబలం వుండవచ్చు. న్యాయబలం వున్నదో లేదో ప్రతిసారీ విడిగా తేల్చుకోవలసిందే.

ఇక నా సంగతి. ఆ విద్యార్థి నన్ను మంజూరు అడగలేదని నాకు ఆలస్యంగా తెలిసింది. హాజరు పట్టీకి సంబంధించిన మంజూరు నా చేతిలో లేదు, ఆ సంగతి అతనికీ తెలుసు. అతను అడిగింది అనుమతి: మీ ఆలోచన మా వెంట వున్నదా అని. నేను వున్నదనలేదు, లేదనలేదు. ఫైలును పైకి పంపినట్టు అతన్ని పైకి పంపాను. చెట్లు కూలేటప్పుడు ప్రతి ఆఫీసులోనూ ప్రతి గుమాస్తా చేసిన పని సరిగా ఇదే కాబోలు. మూడో రోజున అతను క్లాసుకు వచ్చాడు. హాజరు వేశాను. అది మంజూరే, అడిగిన అనుమతి అతనికి ఇంకా బాకీ వున్నాను.