పూడిన చెరువు మీద పండుగ

సాల్ట్ లేక్‌లో చలికాలము కుటుంబముల కాలము. మిద్దెమీద నీరెండ, క్రొత్త ఈతబెల్లము, ఆదివారమున సెంట్రల్ పార్కు నీటి గట్టున పిల్లలతో భోజనము. 2018 నుండి ఆ చేరువనే పుస్తక ప్రదర్శన కూడ. ఇది నిర్దోషమైన సంతోషమే.

అయితే ఆ గట్టున కూర్చున్న బిడ్డ, “నాన్నా, ఉప్పు చెరువు ఏదీ?” అని అడిగినయెడల తండ్రి ఏమి చెప్పవలెను? 1962లో మొదలుపెట్టి, హుగ్లీ నది ఒండ్రును నీటితో కలిపి గొట్టముల ద్వారా పంపి ఆ నీటిపల్లములను పూడ్చిరి. అక్కడ చేపలు పెంచుకొనినవారి బ్రదుకుతెరువు పోయెను. తరువాత ఇల్లు కొన్నవాడు వారిని వెళ్లగొట్టలేదు, నిజమే. నగరమునకు ఇండ్లు కావలసియుండెను, అదియు నిజమే. కాని ‘నేను చేయలేదు’ అనుటకును ‘నాకు సంబంధము లేదు’ అనుటకును మధ్య చాల దూరము కలదు.

అందుకని భోజనమును చేదు చేసికొననక్కరలేదు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన తూర్పు కోల్‌కతా చిత్తడినేలలు ఇంకను మిగిలియున్నవి. ఊరి మురుగునీటితోనే అక్కడివారు చేపలు పెంచుచున్నారు. ఆ చేపలు ఆదివారపు కంచములోనికిని వచ్చును. అటువంటి చెరువొకటి పూడ్చిన చోట చవకగా ఇల్లు దొరకునని ఎవరైన వచ్చి చెప్పిన దినమున, బిడ్డ అడిగిన ప్రశ్నకు తండ్రి జవాబియ్యవలసియుండును.